ఒగ్గేసిన బంతి

విజయనగరంలో కోట వెనక చిన్న టెన్నిస్ క్లబ్బు ఒకటి ఉండేది. రెండు ఎర్రమట్టి కోర్టులు, ఒక పెంకుటి వరండా, నాలుగు పేము కుర్చీలు. అక్కడ ఆట తక్కువ, వాదన ఎక్కువ. ఆడడానికి మోకాళ్ళు కావాలి, వాదించడానికి నోరుంటే చాలు. అరవై తొమ్మిదిలో, వానలు తగ్గి దసరా దగ్గరపడిన రోజుల్లో, ఆ క్లబ్బు సభ్యుల్లో చాలామంది మోకాళ్ళు సెలవు పుచ్చుకున్నాయి. నోళ్ళు మాత్రం మంచి వయసులో ఉన్నాయి.

దానికి తోడు పేపర్లో లేవర్ వార్త పడింది. ఆస్ట్రేలియా ఎడంచేతివాటం లేవర్ ఒకే ఏడాదిలో నాలుగు పెద్ద పోటీలూ గెలిచాడు. అరవై రెండులోనూ ఒకసారి అలాగే గెలిచి ఉన్నాడు. దాంతో వరండాలో ఒక లేవరు ఇద్దరు లేవర్లయ్యాడు. అరవై రెండు నాటి లేవర్ గొప్పా, ఇప్పటి లేవర్ గొప్పా అని సాయంత్రం మొదలైన గొడవ దీపాలు పెట్టేవేళకి కూడా తెమిలేది కాదు.

"అరవై రెండులో వాడి కాళ్ళు చూడాలోయ్," అన్నాడు ప్లీడరు జగన్నాధం, తాను చూసినట్టే. ఆయన చూసిందల్లా సినిమా హాల్లో ఆటకి ముందు వేసే న్యూస్‌రీలు, అందులో లేవర్ రెప్పపాటు కనబడి మాయమయ్యాడు.

"అప్పుడు ఎదురుగా ఎవులున్నారని? పెద్దోళ్ళందరూ డబ్బు పుచ్చుకుని ఆడే పోటీలకి ఎల్లిపోనారు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం," అన్నాడు నరసింగరావు. ఆయనది గజపతినగరం. అక్కడ పొలాలూ, తాతలనాటి బియ్యం మిల్లూ ఉన్నాయి. వారానికి రెండుసార్లు ఈ వాదన కోసమే రైలెక్కి వచ్చేవాడు.

"మరి మన మద్రాసు కృష్ణన్?" అన్నాడు జగన్నాధం.

"కృష్ణన్ని అరవై ఒకటిలో ఇదే లేవర్ ముందు నిలబెట్టారు కదా. ఓడిపోనాడు."

"ఆ రోజు కృష్ణన్‌ది కాదోయ్. మనిషి వేరు, మనిషి మంచిరోజు వేరు. మంచిరోజు కృష్ణన్‌ని మంచిరోజు లేవర్ ముందు పెట్టు, అప్పుడు మాట్లాడు."

పెట్టేదెవరు? మంచిరోజులు ఎవరు పిలిస్తే వస్తాయి? అయినా ఆ మాట వరండా మెట్ల కింద కోర్టుకి నీళ్ళు జల్లుతున్న గంగరాజు చెవిలో పడింది. అతని చేతిలో చెంబు కాసేపు ఆగింది.

గంగరాజు ఆ క్లబ్బు మార్కరు. మార్కరంటే, సభ్యులకి జోడీ దొరకనప్పుడు బ్యాటు పట్టుకుని ఎదురుగా నిలబడే జీతగాడు. మిగతా వేళల్లో కోర్టు ఊడవడం, రోలరు లాగడం, సున్నం గీతలు గీయడం అతని పనే. భోగాపురం అవతల సముద్రపొడ్డు పల్లెలో పుట్టాడు. తండ్రి వేటకి వెళ్ళి ఒకనాడు తిరిగి రాలేదు. తల్లి భయపడి, మీసం రాని కొడుకుని సముద్రానికి దూరంగా ఈ క్లబ్బులో రోలరు లాగడానికి పెట్టింది. వల విసరడం అప్పటికే నేర్చిన చెయ్యి కదా, బ్యాటు అందగానే దానికదే తిరిగింది. తల మీదనుంచి బంతిని కొడితే, నడుము దగ్గర మొదలైన ఊపు వేళ్ళ చివరదాకా విచ్చుకుంటూ పోయేది. ఇప్పుడు యాభై దగ్గరపడుతున్నాయి. మంచు పడితే కుడి మోకాలు సలుపుతుంది.

ఆ క్లబ్బుకి ఒక ఆచారం ఉంది. వానాకాలం కోర్టు మూసేసి, దసరాకి ముందు పాతమట్టి గీరేసి, పుట్టమన్నూ ఎర్రగులకా కలిపి కొత్తగా వేస్తారు. విజయదశమి నాడు రోలరుకీ బ్యాట్లకీ పసుపూ కుంకమా పెట్టి పూజ చేస్తారు. పూజ కాగానే క్లబ్బులో అందరికన్నా గొప్ప ఆటగాడు తొలి బంతి కొడతాడు. అవతల మార్కరు నిలబడతాడు గానీ ఆ బంతిని తిరిగి కొట్టడు, కొట్టకూడదు. చేతులు కట్టుకుని, వెనక తాటాకు తడికెదాకా దాన్ని పోనివ్వాలి. ఇన్నేళ్ళూ ఆ తొలి బంతి జమీందారుగారిదే. ఆయన ఆట ఎంత గొప్పదని ఎవరూ అడగలేదు, స్థలం ఆయనది. ఆ వేసవిలో ఆయన పోయారు.

అందుకని లేవర్ నుంచి వాదన మెల్లగా కోర్టులోకి దిగింది. ఇక తొలి బంతి ఎవరిది? జగన్నాధం తన మంచిరోజుల్లో, అంటే యుద్ధం రోజుల్లో, ఈ కోర్టు మీద తిరుగులేని మనిషి. అప్పటికి నరసింగరావు చదువుకుంటున్నాడు. నరసింగరావు ఆట పండేనాటికి జగన్నాధం భుజం పోయింది. ఇద్దరూ తమ తమ మంచిరోజుల్లో ఎదురుపడిందే లేదు.

"ఇద్దరి మంచిరోజులూ ఎరిగినవాడు ఒకడే ఉన్నాడు," అన్నాడు జగన్నాధం. ప్లీడరు కదా, సాక్షి ఎక్కడున్నాడో ఆయనకి తెలుసు. "గంగరాజూ, ఇలా రావోయ్. నాతో ఆడావు, వాడితోనూ ఆడావు. ఎవరి ఆట గొప్పదో నువ్వు చెప్పు. నువ్వు చెప్పినవాడిదే తొలి బంతి."

గంగరాజు చెంబు కింద పెట్టి, తడిచేతులు తుడుచుకున్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

"పండగనాడు సెప్తాను బాబూ," అన్నాడు. "మట్టి ఆరనీండి."

మట్టికీ తీర్పుకీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు. పెద్దమనుషులు తమ విషయంలో ఎవరైనా ఆలోచించి చెప్తానంటే సంతోషిస్తారు.

* * *

గంగరాజుకి ఆట నేర్పినవాడు పాత మార్కరు కూర్మయ్య. బ్యాటు పట్టడం ఒక పూటలో నేర్పాడు, ఓడడం నేర్పడానికి ఏళ్ళు పట్టింది.

"ఓడాల. గాని ఓడినట్టు ఉండకూడదు," అనేవాడు కూర్మయ్య. "పాము సావకూడదు, కర్ర ఇరగకూడదు. బాబులకంటే ఎప్పుడూ ఒక్క మెట్టు కిందుండు. ఆయన ఎక్కితే నువ్వూ ఎక్కు, దిగితే నువ్వూ దిగు. ఆ మెట్టు మాత్రం ఒగ్గీకు."

ఆఖరి బంతిని మాత్రం ఒగ్గేయాలి, అంటే వదిలేయాలి. ఆ వదలడంలోనే మార్కరు పనితనమంతా ఉంది. బంతిని గీత అవతల కొడితే వాళ్ళకి అనుమానం వస్తుంది. నెట్టులో కొట్టాలి, అదీ నెట్టు మీదుండే తెల్లపట్టీకి తగిలేట్టు కొట్టాలి. అప్పుడు గెలిచినవాడు ఇంటికెళ్ళి, "గంగరాజు గట్టిగానే పోరాడాడు, కానీ..." అని భార్యకి చెప్పుకుంటాడు. ఆ 'కానీ' కోసమే మార్కరుకి జీతం.

జగన్నాధంతో అలాగే ఆడాడు. ఆయన ఆటలో బలం లేదు, మాయ ఉంది. బంతిని కొట్టేవాడు కాదు, బుజ్జగించేవాడు. నెట్టు దాటగానే అది అలిగినట్టు ఆగిపోయేది. గంగరాజు పరుగెత్తేవాడు, అందేది, అయినా ఒక్క మెట్టు కిందే ఉండేవాడు. ఆయన నవ్వుతూ నెట్టు దగ్గరికి వస్తే ఆ నవ్వు చూసి తాను కూడా సంతోషించేవాడు. అది అబద్ధపు సంతోషం కాదు. కాకపోతే అది వడ్డించినవాడి సంతోషం, తిన్నవాడిది కాదు.

నరసింగరావుతో కూడా అలాగే. ఒక్క సాయంత్రం తప్ప.

అది ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడు. దసరా వెళ్ళింది, అమ్మవారి సిరిమాను సంబరం కూడా వెళ్ళింది, ఊరు అలిసి నిద్రమొహం వేసుకుని ఉంది. జమీందారుగారు మద్రాసులో ఉన్నారు. కూర్మయ్య జ్వరంతో పడుకున్నాడు. వరండా ఖాళీ. తడికె వెనక గంగరాజు భార్య తాతమ్మ కుండలతో నీళ్ళు మోసి తొట్టి నింపుతోంది. అప్పటికి వాళ్ళ పెళ్ళయి ఎన్నో నెలలు కాలేదు. నరసింగరావు ఒక్కడూ సైకిలు దిగి వచ్చి, "ఏరా, రెండు బంతులు కొడదామా," అన్నాడు.

ఆ వేళ నరసింగరావుకి ఏం పూనిందో తెలియదు. మొదటి సెట్టులోనే ఆయన ఒక మెట్టు ఎక్కాడు. గంగరాజూ ఎక్కాడు. ఆయన ఇంకో మెట్టు ఎక్కాడు, గంగరాజు వెనకే ఎక్కాడు. రెండో సెట్టు గడిచింది, మూడోది వచ్చింది. మనిషి ఎక్కుతూనే ఉన్నాడు. అలా ఎక్కి ఎక్కి ఒకచోట మెట్లు అయిపోయాయి. ఇంక కిందుండడానికి మెట్టు లేదు. ఇద్దరూ డాబా మీద నిలబడ్డట్టు నిలబడ్డారు, చుట్టూ ఆకాశం ఉంది.

అక్కడినుంచి గంగరాజుకి కాలం ఎలా నడిచిందో తెలియలేదు. బంతి తాటికాయంత కనబడింది. అది అవతలి బ్యాటు వదలకముందే ఎక్కడికి వస్తుందో కాళ్ళకి తెలిసిపోయింది. ఎండ పసుపుగా, తరవాత నారింజగా, తరవాత కోర్టు రంగుగా మారింది. ఎర్రదుమ్ము లేచి, కింద పడడం మరిచిపోయి గాలిలోనే ఉండిపోయింది. ఆ దుమ్ములో బంతి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు వెళ్తూంటే, టక్కుమనే చప్పుడు చాలా దూరంలో ఎవరో తలుపు తడుతున్నట్టు వినబడింది. కొట్టేది తానో ఆయనో కూడా ఒక్కోసారి తెలిసేది కాదు. ఇద్దరూ ఎదురెదురుగా కాక ఒకే పక్కన నిలబడి, అవతల ఉన్న మరెవరితోనో ఆడుతున్నట్టుండేది.

ఆఖరికి నరసింగరావుకి ఒక్క పాయింటు కావలసి వచ్చింది. ఆయన ఎడమమూలకి గీతవెంట కొట్టాడు. గంగరాజు వెళ్ళాడు. బంతి నెట్టు మీద తెల్లపట్టీకి తగిలి, ఒక్క క్షణం అక్కడ కూర్చుని, ఇటువైపే పడింది.

ఒగ్గేశాడు. తన జన్మలో అంత పనితనంగా ఒగ్గేసిన బంతి మరొకటి లేదు. ఆ మాట కూర్మయ్యకే ముందు చెప్పాడు. ఆట మూడో సెట్టుదాకా వెళ్ళిందని తాతమ్మ నోట విని, జ్వరంలో కూడా మనిషి లేచి కూర్చుని, "బాబుమీద గెలవబోనావటగదా, కూటికి నీళ్ళొదులుకుందామనా?" అని చెడామడా తిడితే, "నేదు మావా, ఆకరి బంతి నానే ఒగ్గేసినాను," అన్నాడు గంగరాజు.

అప్పటినుంచీ ఆ సాయంత్రం అతనికి కలలో వస్తుంది. దుమ్ము, నారింజ ఎండ, టక్కు టక్కు. నరసింగరావు చెయ్యి వెనక్కి వెళ్తుంది, బంతి ఎడమమూలకి బయలుదేరుతుంది, అక్కడితో కల ఆగిపోతుంది. ఆఖరి బంతి ఏనాడూ కలలోకి రాలేదు. వచ్చి చేసేదేముంది, ఒగ్గేసిందే కదా అనుకునేవాడు.

లేవర్నీ కృష్ణన్నీ జగన్నాధాన్నీ నరసింగరావునీ వరండాలో తూచుతూంటే, గంగరాజు రోలరు లాగుతూ లోపల్లోపల నవ్వుకునేవాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. ఈ కోర్టు మీద ఆ తలదన్నేవాడు తానే. ఇవ్వబట్టి పోయింది గానీ, ఇవ్వకపోతే ఆ సాయంత్రం తనదే. లోకంలో అతనికి సొంతమైంది ఏదైనా ఉంటే ఆ రహస్యం ఒక్కటే.

* * *

పండగ ముందురోజు పొద్దున్న నరసింగరావు ఒక్కడూ వచ్చాడు. మంచు ఇంకా విడలేదు. కొత్తమట్టి మీద అడుగు పెట్టకుండా గట్టంటా నడిచి, రోలరు మీద కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. ఏడాదిగా ఆయన గుండె బాగులేదు. బ్యాటు ముట్టుకుంటే నాకు సంబంధం లేదని విశాఖపట్నం డాక్టరు ఖండితంగా చెప్పేశాడు.

"గంగరాజూ, నీకాడికే వచ్చినాను," అన్నాడు. "ఆలందరి ముందరా కాదు. నా మట్టుకు నాకు సెప్పు."

"ఏటి బాబూ?"

"ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడు సందేళ. నీకు గురుతున్నాదా?"

గంగరాజు తలూపాడు. ఆయనకీ అదే సాయంత్రం గుర్తుందా అని లోపల ఉలిక్కిపడ్డాడు.

"మిల్లు మా తాతది. పొలం మా అయ్యది. నాది అని సెప్పుకోడానికి నాకు ఆ ఒక్క సందేళే ఉన్నాది." నరసింగరావు మంచులోకి చూస్తూ మాట్లాడాడు. "దానికే ఇన్నేళ్ళూ మురిసిపోతన్నాను. గాని ఈ మద్దె పడుకుంటే అనుమానం వస్తన్నాది. ఆకరి బంతి నువ్వు ఒగ్గేసినావేమోనని. ఒగ్గేస్తే సెప్పీరా. తొలి బంతి జగన్నాధమే కొట్టుకుంటాడు, నాకేటీ కష్టం నేదు. ఉత్తుత్తి సందేళని గుండెల్లో ఎట్టుకుని పోడం నాకిష్టం నేదు."

కష్టం లేదన్న మనిషి మొహం ఇంకాస్త అవతలకి తిప్పుకున్నాడు. గంగరాజుకి చాలా జాలి వేసింది, దాని వెనకే కోపం కూడా వచ్చింది. ఒగ్గేశానంటే ఈయన దగ్గరున్న ఒక్క సాయంత్రం పోతుంది. ఒగ్గేయలేదంటే తన దగ్గరున్న ఒక్క సాయంత్రం పోతుంది. ఉన్నదొకటే, దానికి ఇద్దరు సొంతదారులు. అందులోనూ నిజం తనవైపుంది. జన్మంతా బంతులు ఇచ్చాడు, ఇప్పుడు ఇది కూడా ఇవ్వాలా?

"రేపు సెప్తాను బాబూ," అన్నాడు.

"సెప్పు. నా మొకం సూసి మట్టుకు సెప్పకు," అని నరసింగరావు లేచి, మెల్లగా గట్టంటా వెళ్ళిపోయాడు.

* * *

మధ్యాహ్నం తాతమ్మ నెత్తళ్ళ చేపల పులుసు పెట్టింది. క్లబ్బు వెనక రెండు గదుల పాక వాళ్ళది. గంగరాజు కంచం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పి, "రేపు నిజం సెప్పీద్దామనుకుంటన్నాను. ఒగ్గేసినానని సెప్పీస్తాను. ఎన్నాళ్ళని దాస్తాను?" అన్నాడు.

తాతమ్మ గరిట ఆపి, మొగుడివైపు వింతగా చూసింది.

"ఒగ్గేసినావని ఎవుడు సెప్పినాడు?"

"ఎవుడో సెప్పడమేటే? నానే సెప్తన్నాను."

"అది కూర్మయ్య మావ తిడతాడని ఆ రోజు సెప్పిన మాట. ఇన్నేళ్ళూ దాన్నే నమ్ముకుని ఉన్నావేటి మావా?"

"నీకేటి తెలుసే? కోర్టులో నానున్నానా, నువ్వున్నావా?"

"తడికి ఎనక నానున్నాను," అంది తాతమ్మ. "నీళ్ళు మొయ్యడం ఒగ్గేసి కన్నంలోంచి సూస్తనే ఉన్నాను. నువ్వు ఒగ్గేసినప్పుడు ఎలగుంటావో నాకు తెలవదా? బంతి వస్తన్నాదనగా ముందు బాబు మొకం సూస్తావు. ఈయన ఎలగ గెలిస్తే సంతోసిస్తాడా అని సూస్తావు. అప్పుడు ఒగ్గేస్తావు. ఆ సందేళ నువ్వు ఒక్కపాలి కూడా ఆయన మొకం సూడనేదు. బంతినే సూసినావు. ఆకరి బంతికి అడ్డంగా పడిపోనావు."

"పడనేదు."

"మరి మోకాలేటి?"

గంగరాజు పంచె మోకాలి మీదనుంచి తప్పించి చూసుకున్నాడు. కుడి మోకాలి చిప్ప పక్కన పాత మచ్చ ఉంది. "రోలరు తగిల్న దెబ్బ కదే ఇది," అన్నాడు మచ్చని తడుముకుంటూ.

"రోలరు తగిల్తే కమిలిపోతాది. లోపలికి మట్టెలగ ఎల్తాది? నూతికాడ కూకోబెట్టి, ముల్లు తీసినట్టు పిన్నీసుతో గులక తీసింది నాను. ఒక్క రాయి రానేదు. ఇదిగో, ఇంకా ఉన్నాది." వంగి, వేలితో మచ్చ మధ్య నొక్కింది. చర్మం కింద నల్లగా, నెత్తలి కన్నంత, ఏదో కదిలింది. "ఒగ్గేసినోడు మోకాలు సెక్కుకుపోయేలా పడతాడేటి? ఒగ్గేసినోడు నిలబడుంటాడు."

గంగరాజు పంచె మళ్ళీ మోకాలి మీదికి లాక్కున్నాడు. తరవాత, "మరి ఇన్నాళ్ళూ సెప్పనేదేటే?" అన్నాడు.

"నువ్వు అడగనేదు. గెలిసీసినోడిలాగ ఎవులికీ సెప్పకుండా నీలో నువ్వు నవ్వుకుంటన్నావు. ఆ నవ్వు బావుంటాది. నాకేల పాడుసెయ్యడం?"

కంచం వదిలేసి లేచాడు. పులుసు అంటే ప్రాణమిచ్చే మనిషి సగంలో లేవడం తాతమ్మ అదివరకెన్నడూ చూడలేదు. అయినా పిలవలేదు. పిలిస్తే వినేవేళ కాదని ఆమెకి తెలుసు.

* * *

కోర్టు పక్క తడికె నీడలో తుండుగుడ్డ పరుచుకుని పడుకున్నాడు. ఆ ఆడదానికేం తెలుసు అనుకున్నాడు. తెలుసు అని మోకాలు అంది. కొత్తమట్టి మీద ఎండ పడి, తడీ వేడీ కలిసిన వాసన కోర్టంతా నిండి ఉంది. దూరంగా రైలు కూసింది. కళ్ళు మూతలు పడ్డాయి.

దుమ్ము లేచి ఉంది. నారింజ ఎండ. టక్కు, టక్కు, ఎవరో తలుపు తడుతున్నారు. నరసింగరావు సన్నగా, జుట్టంతా నల్లగా, ఎగిరి దిగాడు. ఆయన చెయ్యి వెనక్కి వెళ్ళింది. బంతి ఎడమమూలకి బయలుదేరింది. ఇక్కడ ఆగిపోవాలి కదా అనుకున్నాడు గంగరాజు కలలోనే. ఆగలేదు.

బంతి వస్తోంది. తాను వెళ్తున్నాడు. గీతలు నీళ్ళలో పరిచినట్టు మెత్తగా కదులుతున్నాయి. కూర్మయ్య లేడు, జీతం లేదు, ఒక్క మెట్టు లేదు. నాన్న పడవ అంచున నిలబడి వల విసిరినప్పుడు ఒళ్ళంతా ఎలా ముందుకు పోయేదో అలా పోయింది తన ఒళ్ళు. ఇది కావాలి. జన్మలో ఇంకేదీ వద్దు, ఈ బంతి ఒక్కటి అవతల పడాలి. బంతి బ్యాటు అంచుకి తగిలింది. నేల వచ్చి మోకాలిని కొరికింది. పడుకునే చూశాడు: బంతి తెల్లపట్టీ మీద కూర్చుంది, ఎటు దిగాలా అని ఆలోచించింది, ఇటువైపు దిగింది.

అందలేదు. ఎంత చేసినా అందలేదు.

గంగరాజు లేచి కూర్చున్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి. ముందు దుఃఖమే వచ్చింది, ఇన్నేళ్ళు దాచుకున్న సొమ్ము కాకి బంగారమని తేలినవాడికి వచ్చే దుఃఖం. తాను తలదన్నేవాడు కాడు. నరసింగబాబే గెలిచాడు. తరవాత, మోకాలిలోని రాతి మీద వేలు పెట్టుకుని కూర్చోగా కూర్చోగా, ఇంకోటి తోచింది. ఆ బంతిని ఒగ్గేసి ఉంటే ఆఖరి క్షణంలో తాను మళ్ళీ మార్కరే. ఎంత ఎక్కినా చివరికి మెట్టు దిగి నిలబడ్డవాడే. ఒగ్గేయలేదు. అంటే చివరిదాకా, నేల మీద పడేదాకా, ఆటగాడు. ఇచ్చినవాడికి పోయేదేమీ ఉండదు. ఆడినవాడే ఓడతాడు. ఇన్నివేలసార్లు ఓడిన గంగరాజు నిజంగా ఓడింది ఆ ఒక్కసారే, ఆ ఒక్కసారీ ఎవరికీ తక్కువ కాని ఆట ఆడి ఓడాడు.

పాకలోకి వెళ్ళి, "పులుసు ఉన్నాదేటే ఇంకా?" అని అడిగాడు. తాతమ్మ మూత తీసింది.

* * *

విజయదశమి నాడు కోర్టు ఎర్రటి కొత్త కోకలా ఉంది. తాతమ్మ రోలరుకి పసుపు రాసింది. బ్యాట్లన్నీ వరసగా గోడకి ఆనించి కుంకం బొట్లు పెట్టారు. బ్రాహ్మడు కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చాడు. సభ్యులందరూ ఉతికిన తెల్లబట్టల్లో వరండా మీద నిలబడ్డారు. నరసింగరావు మాత్రం కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఊ, తీర్పు చెప్పవోయ్," అన్నాడు జగన్నాధం.

గంగరాజు మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడలేదు.

"ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడు, ఇదే కోర్టులో, నరసింగబాబు సేతిలో నాను ఓడిపోనాను."

వరండా అంతా నవ్వింది. "అదేమిట్రా, మా అందరి చేతుల్లోనూ నువ్వు రోజూ ఓడుతూనే ఉన్నావు కదా," అన్నారెవరో.

"అయి ఓడడాలు కావు బాబూ."

నవ్వు ఆగిపోయింది. ఒక్కొక్కరూ తమ తమ పాత గెలుపులని మనసులో బయటికి తీసి, వెలుగులో పెట్టి చూసుకుంటున్నట్టున్నారు. కొందరు బూట్లకేసి చూసుకున్నారు. జగన్నాధం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయితే యుద్ధం రోజుల్లో నాతో?"

"తవురి ఆట గొప్పదే బాబూ. ఎంత గొప్పదో నాకు తెలవదు. దాని ఎదర నాను నిలబడనేదు, తవురి మొకం సూస్తా నిలబడినాను. తవురు ఇంకా ఎంత ఎక్కుదురో, నాను కిందే ఉండిపోడం వల్ల తెలవకుండా పోనాది. అది నా వల్లే."

జగన్నాధం కళ్ళజోడు చేతిలోనే పట్టుకుని కోర్టుకేసి చూశాడు. ఆ ముఖంలో బాధ ఉంది, దాచుకోలేదు. వయసు మీరాక ఒక మనిషికి, నీ శిఖరం ఎంతెత్తో ఎవరూ కొలవలేదు, ఇక కొలవలేరు కూడా అని చెప్తే బాధ కాక మరేముంటుంది? చివరికి కళ్ళజోడు పెట్టుకుని, బల్ల మీదున్న కొత్త బంతి తీసి, కుర్చీ దగ్గరికి వెళ్ళి నరసింగరావు చేతిలో పెట్టాడు.

"దీనికి అప్పీలు లేదు," అన్నాడు. "వెళ్ళు, కొట్టు."

నరసింగరావు బంతి పట్టుకుని గంగరాజు వైపు చూస్తూ ఉండిపోయాడు. కళ్ళు నిండాయి. ఒక్క బంతికి డాక్టరు ఏమీ అనడులే అని తనకి తానే చెప్పుకుని లేచి, కుంకం పెట్టిన బ్యాటు తీసుకుని, మెల్లగా కోర్టు ఆ చివరికి నడిచాడు. గంగరాజు ఈ చివరికి వెళ్ళి, ఆచారం ప్రకారం చేతులు కట్టుకున్నాడు.

"సేతులు తియ్యరా," అన్నాడు నరసింగరావు అటునుంచి.

"ఆచారం బాబూ. తిరిగి కొట్టకూడదు."

"ఆ ఆచారం జమీందారుగారిది. ఆయనతోనే పోనాది. బ్యాటందుకో. ఈ బంతి ఒగ్గేసినావంటే ఆ సందేళ మీద ఒట్టు."

గంగరాజు వరండా వైపు చూశాడు. ఎవరూ కాదనలేదు. తాతమ్మ పసుపు చేతులతోనే గోడవార నుంచి అతని పాత బ్యాటు తెచ్చి అందించింది. పిడి మీద ఆమె వేళ్ళ పసుపు అంటుకుంది.

పొద్దు వాలుతోంది. ఎండ కోర్టు రంగుకి వచ్చింది. అక్కడ నిలబడ్డ మనిషి పెద్దవాడు, గుండె బాగులేనివాడు, ఇదే ఆయన ఆఖరి దసరా కావచ్చు. ఏమాత్రం తెలివున్న మార్కరైనా ఆ ముఖంలోకి ఒక్కసారి చూసి, ఆయనకేం కావాలో తెలుసుకుంటాడు. ముప్పై ఏళ్ళ అలవాటు గంగరాజు కళ్ళని అటే లాగింది. నరసింగరావు ఎడంచేత్తో బంతిని పైకి ఎగరేశాడు. కుడి మోకాలిలో రాయి కలుక్కుమంది. గంగరాజు ముందుకి వంగాడు.

ఆయన ముఖం చూడలేదు. బంతిని చూశాడు.